ఆర్కిడ్ పిలకను ఇప్పుడే కోయాలా, ఆగాలా, పాత కాడను ముక్కలు చేయాలా?

పోయిన ఏడాది మా అక్కా నేనూ ఒకే తల్లి మొక్క పిలకల్ని చెరొకటి పంచుకున్నాం. ఊదారంగు పూల డెండ్రోబియం అది. విశాఖలో మా బాల్కనీలో ఆరేళ్లుగా ఉంది. నా పిలక సెప్టెంబరుకల్లా పక్కన కొత్త కాడ లేపింది. హైదరాబాదు వెళ్లిన పిలక మాత్రం అప్పటికీ అవే మూడాకులతో బిక్కమొహం వేసుకుని కూర్చుంది. "ఏమే, మంచిది నువ్వుంచుకుని తాలుది నాకు అంటగట్టావా?" అని అక్క ఫోన్లో ఒకటే దెప్పు. నిజానికి రెండూ ఒకే కాడ మీద పుట్టినవే. నేను జులై దాకా ఆగాను కాబట్టి నా పిలకకి వేలెడంత వేళ్లు నాలుగున్నాయి. అక్క మే నెలాఖర్లో రైలు టైమైపోతోందని కోసుకెళ్లిన దానికి గోరంతవి రెండే.

అందుకే ఎవరైనా "ఆర్కిడ్‌కి పిలక వచ్చింది, ఏం చేయమంటారు?" అని అడిగితే నేను ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. అది ఏ రకం ఆర్కిడ్? పిలకకి వేళ్లెంత పొడవున్నాయి? ఈ రెండూ తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. చాలామంది వేసుకోని ప్రశ్న ఇంకొకటి ఉంది: అసలు పిలక ఎందుకొచ్చింది? దాని సంగతి కాసేపాగి చెబుతాను.

గింజలతో ఎందుకు కుదరదు?

ఇది క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇంట్లో ఎవరూ చేయలేని పని. ఆర్కిడ్ కాయ పగిలితే లోపల లక్షల్లో గింజలుంటాయి, కానీ చూడ్డానికి పౌడర్‌లా ఉంటాయి. మొలకకి కావాల్సిన తిండి వాటిలో ఉండదు. అడవిలో ఒక రకం శిలీంధ్రం తోడైతేనే మొలుస్తాయి. 1922లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన అగర్ జెల్లీ మీద, శిలీంధ్రం లేకుండానే వీటిని మొలిపించి చూపాడు. 1960లో ఫ్రాన్స్‌లో జార్జ్ మోరెల్ చిగురు కొనలోని కణజాలం నుంచి సింబిడియం ఆర్కిడ్లను పుట్టించాడు. ఈరోజు నర్సరీలో ఒకే అచ్చులో పోసినట్టు వంద డెండ్రోబియంలు వరసగా కనిపిస్తున్నాయంటే ఆ దారిలో వచ్చినవే. రెండూ లేబరేటరీ పనులు. పైగా గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిలాగే పూస్తుందన్న హామీ లేదు. పిలక మాత్రం అచ్చం తల్లే. రంగు, వాసన, ఒకవేళ రోగం ఉంటే ఆ రోగంతో సహా.

ముందు మొక్క నడక చూడండి

ఆర్కిడ్లు స్థూలంగా రెండు రకాలుగా పెరుగుతాయి. కొన్ని పక్కకి నడుస్తాయి: ఏటా పాత కాడ పక్కన కొత్త కాడ లేస్తుంది, అలా కుండీ అంచు దాకా జరుగుతూ పోతాయి. డెండ్రోబియం, క్యాట్లియా, ఆన్సీడియం, సింబిడియం ఈ కోవలోవి. కొన్ని ఒకే కాండంతో పైకి పెరుగుతూ పోతాయి: వాండా, మొకారా, ఫలెనాప్సిస్. గిఫ్టు షాపుల్లో తెల్ల పింగాణీ కుండీలో, సీతాకోక చిలుకలు వరసగా వాలినట్టు పూసి ఉంటుందే, అదే ఫలెనాప్సిస్.

పక్కకి నడిచే వాటికి పిలక, కాడ ముక్క, కుండీ విడదీయడం అని మూడు దారులున్నాయి. పైకి పెరిగే వాటికి ఎంపికలు తక్కువ, రిస్కు ఎక్కువ. కాండానికి ఒక్కటే తల ఉంటుంది కాబట్టి అది కుళ్లిందంటే సాధారణంగా మొక్క పైకి పెరగడం అక్కడితో ఆగిపోతుంది. మీ దగ్గరున్నది ఏదో తెలియకపోతే కాడ చూడండి. చెరకు గడలా కణుపులు కణుపులుగా ఉండి, కుండీలో అలాంటివి నాలుగైదు నిలబడి ఉంటే దాదాపుగా డెండ్రోబియమే. మన ఊళ్ల నర్సరీల్లో ఎక్కువగా దొరికేదీ అదే.

పిలక అనగానే మనకి అరటి గుర్తొస్తుంది. అరటి పిలక నేలలోంచి లేస్తుంది కాబట్టి వేళ్ల గురించి బెంగ లేదు. ఆర్కిడ్ పిలక ఎక్కువసార్లు కాడ పైన, గాల్లో పుడుతుంది. ప్రపంచమంతా ఆర్కిడ్ పెంచేవాళ్లు దీన్ని కేకీ అంటారు, హవాయి భాషలో పసిబిడ్డ అని అర్థం. ఆ బిడ్డ వేళ్లు గాల్లో వేలాడుతున్నన్నాళ్లూ నీళ్లకి తల్లి కాడే ఆధారం. కోసిన క్షణం నుంచి దాని వేళ్లే దానికి దిక్కు.

మొదటి దారి: ఆగి కోయడం

మొదటిసారి చేస్తున్నవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే. డెండ్రోబియం పిలకకి కనీసం మూడు వేళ్లు, ఒక్కొక్కటి రెండు మూడు అంగుళాలు, ఆకులు కూడా రెండు మూడు ఉండాలి. అప్పటిదాకా చేయి పెట్టొద్దు. వేళ్ల కొనలు ఆకుపచ్చగానో మెరుపు ఎరుపుగానో ఉన్నాయంటే అవి ఇంకా పెరుగుతున్నాయి, అదే మంచి టైము. కొనలు తెల్లగా మూసుకుపోయి ఉంటే ప్రస్తుతం నిద్రలో ఉన్నట్టు. అలాంటప్పుడు కోస్తే కుదురుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

కోసేటప్పుడు పిలకని పట్టుకుని పీకొద్దు. తల్లి కాడని అడ్డంగా, పిలకకి పైనా కిందా అంగుళం చొప్పున వదిలి కోస్తే ఆ చిన్న ముక్క పిలకతోనే ఉంటుంది. వేళ్లకి దెబ్బ తగలదు, నాటాక మొక్క ఊగకుండా పట్టుకోవడానికి ఆసరా కూడా అవుతుంది. తల్లి కాడకి ఇంకా ఆకులుండి, దాన్ని కోయడం ఇష్టం లేకపోతే పిలక మొదట్లో పదునైన బ్లేడుతో కోయండి. మడమ, అంటే పిలక అతుక్కున్న గట్టి భాగం, పిలకతోనే రావాలి.

వేళ్లు రావడం ఆలస్యమవుతుంటే ఏం చేయాలి? జామకో దానిమ్మకో గాలి అంటు కట్టినట్టు, పిలక మొదట్లో తడిపి పిండిన నాచును (చెరువు నాచు కాదు, నర్సరీల్లో అమ్మే స్ఫాగ్నమ్ మాస్) పలచగా చుట్టి దారంతో వదులుగా కట్టండి. పాలిథిన్ మాత్రం చుట్టొద్దు. దానిమ్మ కొమ్మ తట్టుకుంటుంది గానీ ఆర్కిడ్ వేరు గాలాడకపోతే కుళ్లుతుంది. నేను మొదటిసారి గాలి అంటు పాఠం అక్షరాలా పాటించి, కవరు చుట్టి, వారానికే నల్లటి ముద్ద చేశాను. నాచు రోజూ కాస్త తడిపితే చాలు.

ఈ దారిలో పువ్వు చూడ్డానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ప్రతి కొత్త కాడా ముందుదానికంటే పొడుగ్గా వస్తుంది. రెండో కాడో మూడో కాడో పూస్తుంది.

రెండో దారి: పాత కాడను ముక్కలు చేయడం

డెండ్రోబియంలో ఆకులు రాలిపోయి, పూయడం మానేసిన బోడి కాడలు ఉంటాయి. చాలామంది వాటిని ఎండిపోయాయనుకుని కోసి పారేస్తారు. అయ్యో, పారేయకండి. ముడతలు పడ్డా, పసుపు తిరిగినా, వేలితో నొక్కితే గట్టిగా ఉందంటే అందులో నిల్వ ఉంది. తల్లికి అది అల్మారాలో దాచుకున్న బియ్యం లాంటిది. అందుకే తల్లి బలహీనంగా ఉంటే ఆ కాడల్నీ ముట్టుకోకూడదు.

తల్లి బలంగా ఉందా? అయితే ఒక పాత కాడని రెండేసి కణుపులుండేలా మూడు నాలుగు అంగుళాల ముక్కలు చేయండి. ఇంతవరకూ పూయని కణుపులున్న ముక్కలే పనికొస్తాయి. పూసేసిన కణుపు మళ్లీ మొలకెత్తదు. రెండు చివర్లా శిలీంధ్రనాశని పూసి ఒక రోజు నీడలో ఆరనివ్వాలి. తర్వాత తడి నాచు పరిచిన ట్రేలో అడ్డంగా పడుకోబెట్టాలి, పాతిపెట్టకూడదు. స్వీటు డబ్బా మూతకి నాలుగు కన్నాలు పెట్టి వాడితే అదే బుల్లి గ్రీన్‌హౌస్. నీరెండ తగిలేచోట ఉంచితే రెండు మూడు నెలల్లో కణుపుల దగ్గర బుడిపెలు లేస్తాయి.

దీంట్లో లాభం సంఖ్య. ఒక కాడకి మూడు నాలుగు మొక్కలు రావచ్చు. నష్టం టైము: పువ్వుకి రెండేళ్ల నుంచి మూడేళ్లు. ఇంకో నష్టం, కొన్ని ముక్కలు ఏమీ ఇవ్వకుండానే కుళ్లిపోతాయి, దానికి మనసు సిద్ధం చేసుకోవాలి. ఒక కాడ ముక్కలన్నీ ఒకే డబ్బాలో పెట్టకండి, బూజు పట్టిందంటే పక్కవాటికీ అంటుకుంటుంది.

పిలకతో పోలిస్తే ఏది మేలంటే, పంచిపెట్టాలనుకునేవాళ్లకి కాడ ముక్కలు, త్వరగా పువ్వు చూడాలనుకునేవాళ్లకి పిలక. పిలకే రాకుండా తల్లి ఏళ్లతరబడి బుద్ధిగా పూస్తూ ఉంటే, దాని నుంచి రెండో మొక్క తీయడానికి పాత కాడ ముక్క మంచి ఉపాయం. అందులో తల్లికి పోయేది ఎలాగూ పూయని కాడే.

మూడో దారి: కుండీ విడదీయడం

పిలక అనగానే దీన్ని మర్చిపోతాం గానీ, త్వరగా పువ్వు చూపించే దారి ఇదే. కుండీ నిండిపోయి వేళ్లు బయటికి పాకుతుంటే మొక్కని తీసి, ఒక్కో భాగానికి మూడు నాలుగు కాడలు, వాటిలో కనీసం ఒక లేత కాడ, దాని సొంత వేళ్లు ఉండేలా మధ్యలో కోయాలి. ఇలా విడదీసిన ముక్క చాలాసార్లు వచ్చే సీజన్‌కే పూస్తుంది. క్యాట్లియా, ఆన్సీడియం, సింబిడియంలకి ఇంట్లో చేయగలిగింది దాదాపుగా ఇదొక్కటే. నేల ఆర్కిడ్ అని నర్సరీల్లో అమ్మే స్పాతోగ్లాటిస్‌కీ ఇదే. దాని దుంపలు విడదీసి నాటితే చాలు, కనకాంబరం పెంచినంత తేలిక.

ఒక్క తప్పు మాత్రం చేయొద్దు. ఆశకొద్దీ ఒక్కో కాడ చొప్పున విడదీస్తే ఐదు మొక్కలవుతాయి నిజమే, ఐదూ నీరసించి రెండేళ్ల దాకా పూయవు. మా పక్కింటావిడ తొమ్మిది కాడల మొక్కని తొమ్మిది చేశారు. ఇప్పుడు ఆవిడ దగ్గర నాలుగున్నాయి.

నాలుగోది: ఫలెనాప్సిస్ సంగతి

ఇక్కడ నా సలహా కొంచెం కటువుగా ఉంటుంది. దీనికి పిలక వస్తే సంతోషించండి, రాకపోతే తెప్పించడానికి ప్రయత్నించకండి.

ఫలెనాప్సిస్‌కి పిలక రెండు చోట్ల వస్తుంది. పూకాడ కణుపు దగ్గర వచ్చేది ఒకటి. దీన్ని డెండ్రోబియం పిలకలాగే వేళ్లు రెండు మూడు అంగుళాలు అయ్యేదాకా ఆగి, పూకాడని రెండువైపులా అంగుళం వదిలి కోయొచ్చు. దీనికి వేళ్లు రావడం మాత్రం డెండ్రోబియం కంటే ఆలస్యం, ఆరు నెలలైనా, కొన్నిసార్లు ఏడాదైనా పడుతుంది. రెండోది తల్లి మొదట్లోనే, ఆకుల సందులోంచి లేస్తుంది. దీన్ని వేరు చేయడం దాదాపు ఎప్పుడూ అనవసరం. అలాగే వదిలేస్తే నాలుగైదేళ్లకి ఒకే కుండీలో రెండు తలలు, రెండు పూకాడలు. కోయబోతే తల్లి కాండానికే గాయం.

ఇక పిలక తెప్పించడానికి రాసే పేస్టు. సైటోకైనిన్ అనే హార్మోను, ఎక్కువగా బెంజైలమైనోప్యూరిన్, లానోలిన్ మైనంలో కలిపి చిన్న డబ్బాల్లో అమ్ముతారు. పూకాడ కణుపు మీదున్న ముక్కోణపు పొరని జాగ్రత్తగా ఒలిచి, లోపలి మొగ్గకి దెబ్బ తగలకుండా అగ్గిపుల్ల తలంత పేస్టు రాస్తారు. వెచ్చదనం బాగుంటే కొన్ని వారాల్లో మొగ్గ కదులుతుంది. పిలకే వస్తుందని గ్యారంటీ లేదు, పూకొమ్మ రావచ్చు. ఎక్కువ రాస్తే గుంపుగా వంకర మొలకలొస్తాయి. నేను ఆన్‌లైన్లో ఒకచోట కొన్న డబ్బా మీద హార్మోను శాతమే రాసి లేదు. రెండు మొక్కలకి రాస్తే ఒకదానికి ఏమీ కాలేదు, రెండోదానికి వేళ్లే రాని ఐదు ఆకుల గుత్తి వచ్చి తల్లిని ఏడాదిపాటు పీల్చింది. పేస్టు తప్పనిసరిగా వాడాలనుకుంటే తల్లికి గట్టి ఆకులు ఐదైనా ఉండాలి. పూకాడకి ఒక్క కణుపుకే రాయండి.

పేస్టు లేకుండానే పిలక రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫలెనాప్సిస్ పూకాడ వేయాలంటే కొన్ని వారాలు చల్లదనం కావాలి. పూకాడ వచ్చాక ఎండలు ముదిరితే దాని కొనలో మొగ్గలకి బదులు పిలక రావచ్చు. మన దగ్గర డిసెంబరు, జనవరి చలికి కదిలిన ఆలస్యపు పూకాడకి ఏప్రిల్ వేడి తగిలి ఇలా అవడం నేను చూశాను. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో దీనికి రివర్సు. సూపర్‌మార్కెట్‌లో కొన్న మొక్క చలికాలం కిటికీ పక్కన హాయిగా పూకాడ వేస్తుంది, కానీ హీటరు గాలికి పిలక వేళ్లు కొనలెండిపోతాయి. అక్కడివాళ్లకి నాచు చుట్టడం తప్పదు.

వాండా, మొకారా: తల కోత

ఇది ధైర్యం ఉన్నవాళ్లకి. వాండా ఏళ్లతరబడి పైకి పెరిగి, కింద ఆకులు రాలి, కాలు బోడిగా కనిపిస్తుంది. అప్పుడు పై భాగాన్ని, కనీసం మూడు నాలుగు లావుపాటి బతికున్న వేళ్లు దానికి దక్కేలా చూసి, కింద అడ్డంగా కోయాలి. పై ముక్క దాదాపు ఏమీ జరగనట్టే బతికేస్తుంది, వేళ్లు బాగుంటే ఏడాదిలోపే పూయొచ్చు. కింద మిగిలిన మోడుకి రెండు మూడు ఆకులైనా ఉంటే పక్కల నుంచి పిలకలు పుడతాయి. ఆ పిలకలు ఐదారంగుళాల ఆకులు, సొంత వేళ్లు వేసేదాకా మోడు మీదే ఉంచాలి. వాటికి పువ్వు రావాలంటే రెండు మూడేళ్లు.

మొకారా ఇందులో మరీ తేలిక, కోతకి బాగా లొంగుతుంది. వాండా ఒక్కటే ఉండి, అది బాగానే పూస్తుంటే మాత్రం నేను కత్తి తీయను. అందం కోసం కోయడం వేరు, అవసరానికి కోయడం వేరు.

మన పల్లెల్లో చెట్ల మీద మొలిచే దేన్నైనా బదనిక అనేస్తారు, అడవి వాండాని కూడా. అసలు బదనిక చెట్టు కొమ్మలోకి వేరు దింపి పీలుస్తుంది. వాండా చెట్టుని పట్టుకుని నిలబడుతుందంతే, దాని నీళ్లూ తిండీ గాలిలోంచి, వానలోంచి, బెరడు మీద పేరుకున్న చెత్తలోంచి. అందుకే వాండా వేళ్లని మట్టిలో పాతితే చస్తాయి. ఇంటి మామిడి చెట్టుకి కడితే చెట్టుకి ఏమీ కాదు. అడవిలోవి పీక్కురావడం మాత్రం వద్దు. ఇంటి మొక్క పిలకలుండగా ఆ పాపం దేనికి?

అసలు పిలక ఎందుకొచ్చింది?

ముందు దాటేసిన ప్రశ్న ఇదే. కొన్ని ఆర్కిడ్లకి పిలకలు వేయడం స్వభావం, వాటితో పేచీ లేదు. కానీ పూలు మానేసి పిలకల మీద పిలకలు వేసే డెండ్రోబియం మాత్రం ఏదో మొరపెట్టుకుంటోంది. కుండీ ఎత్తి వేళ్లు చూడండి. గోధుమరంగులో మెత్తగా, లాగితే పైపొర ఊడొచ్చి లోపల దారం మిగిలితే వేళ్లు కుళ్లాయని అర్థం. కింద దారి మూసుకుపోయిన మొక్క పైన పిల్లల్ని పెట్టుకుంటోంది. అప్పుడు పిలకని కోయడం ఎంపిక కాదు, అవసరం. తల్లి పోయినా పిల్ల మిగులుతుంది. వేళ్లు అంగుళమే ఉన్నా, తల్లి కాడ కుళ్లు పైకెక్కుతుంటే, కాడని పిలకతో సహా కోసి నాచులో పడుకోబెట్టేయండి.

వేళ్లు బాగుండి కూడా పిలకలే వస్తుంటే నత్రజని ఎరువు, నీళ్లు ఎక్కువైనట్టు. నోబైల్ రకం డెండ్రోబియంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. సిక్కిం రాష్ట్ర పుష్పం ఈ నోబైలే. చలికాలంలో నీళ్లు బాగా తగ్గించి, ఎరువు ఆపితే కణుపుల దగ్గర మొగ్గలొస్తాయి. ఆ నెలల్లో కూడా ముద్దుగా నీళ్లూ ఎరువూ పోస్తూ ఉంటే అవే కణుపులు పిలకలుగా మారతాయి. కోస్తాలో చలి చాలక ఇది సరిగా పూయదు. అరకు, లంబసింగి లాంటి చోట్ల పెంచేవాళ్లకి నయం. మన బాల్కనీలకి ఫలెనాప్సిస్‌ని పోలిన పూలు పూసే డెండ్రోబియంలు, అంటే సోనియా లాంటి ఊదారంగు హైబ్రిడ్లు, సరిపోతాయి.

ఎప్పుడు కోయాలి, ఎందులో పెట్టాలి?

హైదరాబాదు, కర్నూలు వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎంత మంచి వేళ్లున్నా కోయొద్దు. మధ్యాహ్నం గాలిలో తేమ ఎండిపోయి ఉంటుంది, పిలక ఆకులోంచి పోయే నీళ్లని చిన్న వేళ్లు అందించలేవు. అక్క పిలక నీరసించడానికి సగం కారణం ఇదే. జూన్ రెండో సగం నుంచి ఆగస్టు వరకు అక్కడ మంచి అదను. విశాఖ, కాకినాడ, నెల్లూరులో తేమకి లోటు లేదు, ముసురులో కుళ్లు భయమే ఎక్కువ. కోసిన పిలకని వానలో నేరుగా పెట్టకుండా చూరు కింద ఉంచితే చాలు. నడి చలికాలంలో ఎక్కడైనా ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి, తొందర లేకపోతే ఫిబ్రవరి దాకా ఆపండి.

నాటడానికి మట్టి వద్దు. నాచా, కొబ్బరి డొక్క ముక్కలా, బొగ్గా అన్నదానికి ఊరిని బట్టి సమాధానం మారుతుంది. నాచు నీళ్లు పట్టి ఉంచుతుంది, పొడి ఊళ్లకి బాగుంటుంది. కోస్తాలో అదే నాచు వారాలతరబడి తడిగా ఉండి పిలకని ముంచుతుంది. నేను విశాఖలో బొగ్గు, ఇటుక ముక్కలు, పైన గుప్పెడు కొబ్బరి డొక్క వాడతాను. డొక్కని రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, ఉప్పూ వగరూ పోవాలి. కుండీ చిన్నదైనా పర్లేదు, నిజానికి చిన్నదే ఉండాలి. జ్యూసు తాగే పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసుకి అడుగునా పక్కలా కన్నాలు పెడితే వేళ్లు ఎంతవరకు వచ్చాయో బయటికే కనిపిస్తుంది, రోజూ పీకి చూసే టెన్షన్ తప్పుతుంది.

నాటాక మూడు నాలుగు రోజులు నీళ్లు పోయకుండా ఆకుల మీద తుంపర చల్లితే చాలు, కోత ఆరాలి. ఎరువు కొత్త వేరు కనిపించాకే. పంతొమ్మిది పంతొమ్మిది పంతొమ్మిది అని ఎరువుల కొట్లో అడిగితే ఇస్తారు, లీటరుకి అరగ్రాము, పది పదిహేను రోజులకోసారి. బోరు నీళ్లతో ఆకుల మీద తెల్ల మరకలు, వేళ్ల కొనలు నల్లబడటం చూస్తుంటే వాన నీళ్లో, ఏసీ నుంచి కారే నీళ్లో పట్టుకోండి. ఆర్వో మెషీన్ వదిలేసే వృథా నీళ్లు వాడొద్దు. ఉప్పంతా చేరేది అందులోకే.

నీడ సంగతి: డెండ్రోబియం పిలకకి 50 శాతం గ్రీన్ నెట్ కింద, ఫలెనాప్సిస్ అయితే 75 శాతం కింద. పెద్దయ్యాక డెండ్రోబియంని కాస్త కాస్త వెలుతురుకి జరపాలి, లేకపోతే ఆకులు నిగనిగలాడతాయి, పువ్వు రాదు.

బ్లేడు, దాల్చిన చెక్క, వైరస్

సెలూన్లో మనిషికో కొత్త బ్లేడు వాడతారు కదా, మొక్కకో బ్లేడు కూడా అలాగే. సింబిడియం మొజాయిక్ వైరస్, ఒడొంటోగ్లాసం రింగ్‌స్పాట్ వైరస్ అని రెండున్నాయి, కోసే పనిముట్ల మీది రసంతో ఒక మొక్క నుంచి ఇంకోదానికి వెళ్తాయి. వాటికి మందు లేదు. తల్లి ఆకుల మీద గుంతలు పడిన నల్ల చారలో, వలయాలో, పువ్వు రంగు అక్కడక్కడా చెదిరినట్టో ఉంటే దాని పిలక ఎంత ముద్దుగా ఉన్నా ఎవరికీ ఇవ్వకండి. పిలకకి ఆ వైరస్ వచ్చే ఉంటుంది. కత్తెర తప్పనిసరైతే స్టవ్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి, చల్లారాక వాడండి.

కోతకి దాల్చిన చెక్క పొడి రాయమని అందరూ చెబుతారు. మంచిదే, కానీ కోసిన చోటే. వేళ్ల మీద పడితే వాటిని ఎండబెడుతుంది. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన శిలీంధ్రనాశని పొడి ఇంట్లో ఉంటే దాన్నే చిక్కగా కలిపి పూయడం నాకు నమ్మకం. గ్లౌజులు వేసుకోండి, వంటింటి చెంచా వాడకండి.

మరి మీరేది చేయాలి?

ఒకే ఒక్క డెండ్రోబియం ఉండి, దానికి మొదటి పిలక వచ్చిందా? ఆగండి, జూన్‌లో వేళ్లు కొలవండి. కుండీలో ఎనిమిది కాడలు దాటాయా? పిలక జోలికి పోకుండా రెండుగా విడదీయండి, చాలాసార్లు వచ్చే సీజన్‌కే పువ్వు చూస్తారు. అపార్ట్‌మెంట్లో అందరూ "ఒక ముక్క ఇవ్వరూ" అంటున్నారా? పాత కాడలు ముక్కలు చేసి రెండేళ్ల గడువు చెప్పండి. ఫలెనాప్సిస్ అయితే వచ్చింది ఉంచండి, పేస్టు డబ్బాకి పెట్టే డబ్బు రెండో మొక్క ఖర్చులో కలుపుకోవచ్చు. రంగు నచ్చి ఇంకొకటి కావాలంటే, ఆ రంగు నర్సరీలో దొరుకుతుంటే, మొహమాటం లేకుండా కొనేయండి. మూడేళ్లు ఆగి పెంచాల్సింది మళ్లీ దొరకని మొక్కనీ, ఎవరో ఆప్యాయంగా ఇచ్చిన మొక్కనీ.

అమెరికా వెళ్తూ సూట్‌కేసులో పిలక పెట్టుకుందామా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. అంతరించిపోయే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఆర్కిడ్ కుటుంబమంతా ఉంది. బతికున్న మొక్కని దేశం దాటించాలంటే సాధారణంగా సైట్స్ అనుమతి, దానితో పాటు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఎయిర్‌పోర్టులో పిలకని చెత్తబుట్టలో వేయడం చూసే బదులు అక్కడే కొనుక్కోండి.

హైదరాబాదుకైతే ఏ పత్రాలూ అక్కర్లేదు. మొన్న జులైలో అక్క మళ్లీ వచ్చినప్పుడు పిలక ఇవ్వలేదు. కుండీ విడదీసి, లేత కాడతో సహా నాలుగు కాడల ముక్క ఇచ్చాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పై బెర్త్ మీద తల పక్కన పెట్టుకుని తీసుకెళ్లిందట. పాత పిలక కూడా చావలేదు. నాచులోకి మార్చాక ఆగస్టులో ఒక వేరు కొన పచ్చబడిందని ఫోటో పంపింది, కింద "తాలుది" అని రాసి.